పీణ్యా ఫ్లైఓవర్: కేబుళ్ళు మార్చింది సరిపోతుందా, పడగొట్టి కట్టాల్సిందా?

నడిమివంక · 6 ఆగస్టు 2024, ఉదయం 7:40

అనంతపురంలో ఇంటికొకరు బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. తుమకూరు రోడ్డు మీద పీణ్యా ఫ్లైఓవర్‌ను పోయిన వారం, జులై 29న, లారీలకూ బస్సులకూ మళ్ళీ తెరిచారు.

తెలియనివాళ్ళకు కథ ఇదీ. గొరగుంటెపాళ్య నుంచి పార్లే-జీ టోల్ దాకా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వంతెన. 2010లో వాడుకలోకి వచ్చింది. 2021 డిసెంబరు 25న ఉన్నట్టుండి మూసేశారు. ఎనిమిదో మైలు దగ్గర 102, 103 స్తంభాల మధ్య, లోపలుండే ఉక్కు కేబుళ్ళు దెబ్బతిన్నాయని తేలింది. రెండు నెలలు తిరక్కుండానే కార్లకూ బైకులకూ వదిలారు. పెద్దబండ్లకు మాత్రం రెండున్నరేళ్ళు పట్టింది. ఈలోగా ఉన్న 120 స్పాన్లలో, అంటే రెండేసి స్తంభాల మధ్య ముక్కల్లో, ఒక్కోదానికి రెండేసి చొప్పున 240 కొత్త కేబుళ్ళు వేశారు. ఆ తర్వాత పాతవి కూడా, పన్నెండు వందల దాకా, ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చారు. ఈ జనవరిలో లోడ్ టెస్ట్ చేశారు.

నేను ఆ వంతెన నీడలోనే ఒక మెషిన్ షాపులో పన్నెండేళ్ళుగా చేస్తున్నా. "పడగొట్టి కట్టుంటే ఈపాటికి కొత్తది లేచుండేది" అంటాడు మా ఓనరు. "పడగొడితే ముందు మన షాపే లేచిపోయేది" అంటాడు సూపర్‌వైజరు. రోజూ టీ దగ్గర ఇదే గొడవ. మీరేమంటారు?

గుత్తిరైలు · 7:52

రైల్లో పోండప్పా, ఏ గొడవా ఉండదు.

చీనీబండి · 8:15

నేను చెప్తా. పడగొట్టాల్సిందే. అనుమానం లేదు.

నాది సొంత బండి. అనంతపురం మండీలో చీనీకాయలు (బత్తాయిలు) ఎత్తి యశ్వంతపురం యార్డులో సగం దించి, మిగతాది మంగళూరుకు తోలతా. హెబ్బాళ నుంచి రింగు రోడ్డు, గొరగుంటెపాళ్య, అక్కడ ఫ్లైఓవర్ ఎక్కితే పది నిమిషాల్లో పార్లే-జీ. పెద్దబండ్లకు మూసిన రోజుల్లో అదే దూరం కింద రోడ్డులో ఎంతసేపు పట్టేదో చెప్తే నమ్మరు. జాలహళ్ళి క్రాస్, దాసరహళ్ళి, ఎనిమిదో మైలు... ఒక్కో సిగ్నల్ దగ్గర ఇంజను ఆపి బీడీ కాల్చి మళ్ళీ స్టార్ట్ చేసేవాళ్ళం.

పోయిన సంవత్సరం ఏప్రిల్లో ఒక లోడు మధ్యాహ్నమంతా దాసరహళ్ళిలో నిలబడింది. టార్పాలిన్ కింద చెయ్యి పెడితే ఆవిరి కొట్టింది. అడుగు వరుస కాయ మెత్తబడి, పట్టుకుంటే వేలు దిగింది. మంగళూరులో సేటు మూత విప్పి చూసి మాట్లాడకుండా పోయి కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడే తెలిసింది రేటు విరిగిందని. రైతుకు ఇక్కడ సూటు పేరుతో తూకంలో కోత ఎలాగూ ఉంది, నాకు అక్కడ కోత. ఎవరిని అడగాలి?

కేరళవాళ్ళను చూడండి. కొచ్చిలో పాలారివట్టం ఫ్లైఓవర్ 2016లో కట్టారు, 2019 మే నెలలో మూశారు. రిపేరు చేద్దామా, టెస్టు చేద్దామా అని కోర్టుల చుట్టూ తిరిగారు గానీ, 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సరే అన్నాక మెట్రో ఇంజనీరు శ్రీధరన్ గారు చేతికి తీసుకుని పైభాగం విప్పేసి కొత్తగా కట్టి 2021 మార్చిలో తెరిచేశారు. ఆరు నెలలు కూడా పట్టలేదు. మనకు రెండున్నరేళ్ళు కేబుళ్ళు తిప్పారు. ఏది మేలు?

తూకంగుండు · 9:30

ముప్పై నాలుగేళ్ళు రోడ్లు, వంతెనల పనుల్లోనే ఉండి రిటైరయ్యాను కాబట్టి రెండు మాటలు.

పాలారివట్టంలో ఉన్నవి 19 స్పాన్లు. పీణ్యాలో 120. పెంకుటిల్లు విప్పి కట్టినంత తొందరగా కోట విప్పి కట్టలేదేమని అడిగినట్టుంది.

రెండో మాట. పీణ్యా వంతెన ముసలిది కాదు. మూసేనాటికి దాని వయసు పదకొండేళ్ళు. ఇలాంటి వంతెనలకు వందేళ్ళ ఆయుష్షు లెక్కగడతారు. అది వయసుతో పోలేదు, పనితనం లోపంతో పోయింది. పెట్టెలాంటి కాంక్రీటు ముక్కలను వరుసగా పేర్చి, వాటి గుండా గొట్టాలు పోనిచ్చి, గొట్టాల్లో ఉక్కు కేబుళ్ళు దూర్చి, రెండు కొసలా బిగించి లాగుతారు. పూలదండలో దారం లాగినట్టు. లాగాక గొట్టంలో సిమెంటు పాలు, అంటే గ్రౌటు, సందు లేకుండా నింపాలి. ఆ పాలు సరిగా ఎక్కకపోతే గాలి మిగులుతుంది, తేమ చేరుతుంది, లోపల తుప్పు మొదలవుతుంది. బయటికి ఒక్క పగులు కూడా కనపడదు.

ఇప్పుడు పడగొట్టి కొత్తది కట్టారనుకోండి. గ్రౌటు పోసేది ఎవరు? అదే పంపు, అదే కూలీ, రాత్రి రెండు గంటలకు అదే నిద్రమొహం సూపర్‌వైజరు. కొత్త వంతెనలో కొత్త గాలి బుడగలు. జబ్బేమిటో తెలిసిన పాతదాన్ని బాగుచేసుకోవడం, జబ్బేమిటో తెలియని కొత్తదాన్ని కట్టుకోవడం కన్నా నయం. మా ఊళ్ళో చౌడుమట్టి కప్పిన మిద్దెలు ఎన్ని తరాలు నిలబడ్డాయి? ఏటా వానలకు ముందు చౌడు వేసి తొక్కేవాళ్ళు కాబట్టి.

యాడికి · 9:41

అంతా బాగుచేశామంటున్నారు కదా సార్. మరి పెద్దబండ్లకు శుక్రవారం ఉదయం ఆరు నుంచి శనివారం ఆరు దాకా మూత ఎందుకు పెట్టారు? బాగైనదానికి వారానికో రోజు సెలవెందుకు?

చీనీబండి · 9:58

చౌడు మిద్దె మీద ఎవరూ లారీ తోలరు సార్.

పాపాఘ్ని · 10:20

మిద్దె మాట వచ్చింది కాబట్టి. మా తాత కూడా ఏటా చౌడు వేసేవాడు. కురిసిన చోటల్లా ఇంకో బుట్ట. దూలం మార్చమంటే "ఇంకో రెండేళ్ళు చూద్దాం" అనేవాడు. చివరికి ఒక ముసురులో దూలం విరిగి, చౌడంతా వడ్లగాదె మీద పడింది. మీరు చెప్పిన చౌడే, అంత బరువు ఎక్కింది దాని మీద.

మాది కమలాపురం వైపు. 2021 నవంబరు వరదల్లో మా పాపాఘ్ని బ్రిడ్జి కూలిపోయింది. కడప నుంచి తాడిపత్రి పోయే రోడ్డు అది. మా బావమరిది పెళ్ళిచూపులకు పోయి అవతల ఇరుక్కున్నాడు, చుట్టూ తిరిగి తెల్లారి వచ్చాడు. (సంబంధం కుదిరింది, అది వేరే సంగతి.) అప్పటి నుంచి నాకు పాత వంతెన అంటేనే నమ్మకం లేదు.

తూకంగుండు · 10:45

పాపాఘ్ని వంతెనది వరద కథ. పీణ్యాలో నది లేదు నాయనా.

పాపాఘ్ని · 10:49

కింద నీళ్ళు లేకపోతే కూలిన వంతెన కింద మనుషులు ఉండరా సార్?

తాడిమర్రి_టు_సియాటెల్ · 11:30

ఇక్కడ రాత్రి అయ్యింది, నిద్ర రాక చదువుతున్నా. కూల్చాలా బాగుచెయ్యాలా అనే పంచాయితీ మా సియాటెల్‌లో ఎన్నాళ్ళు నడిచిందో చెప్తే మీ రెండున్నరేళ్ళు ముచ్చటగా ఉంటాయి.

సముద్రపు ఒడ్డున అలాస్కన్ వే వయాడక్ట్ అని రెండంతస్తుల ఎత్తు రోడ్డు ఉండేది. 1953లో తెరిచారు. 2001 ఫిబ్రవరి భూకంపంలో దెబ్బతింది. బాగుచేద్దామంటే ఖర్చు కొత్తదానికి దగ్గర దగ్గరగా వస్తోందన్నారు. సరే కొత్తది కడదాం, పైనా, కిందా అని 2007లో ఓటు పెట్టారు. జనం రెండూ వద్దన్నారు. పైన వంతెనా వద్దు, సొరంగమూ వద్దు! చివరికి లోతుగా తవ్వే సొరంగం ఖాయం చేసుకున్నారు. 'బెర్తా' అనే యంత్రం 2013 డిసెంబరులో భూమి లోపలే ఆగిపోయింది. దాన్ని బయటికి తీసి బాగుచేయడానికి పైనుంచి పెద్ద గొయ్యి తవ్వారు. రెండేళ్ళు పోయింది. సొరంగం తెరిచింది 2019 ఫిబ్రవరిలో. భూకంపం నుంచి లెక్కేసుకుంటే పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు అందులో పోవాలంటే టోలు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. వయాడక్ట్ తీసేశాక సముద్రం కనిపిస్తోంది. కింద ఎప్పుడూ కారు హోరు ఉండేది, ఇప్పుడు మనిషి మాట వినిపిస్తుంది. అసలు వంతెనే అక్కర్లేదేమో అని కూడా ఆలోచించాలి. సియోల్‌లో 2003లో ఒక పెద్ద ఫ్లైఓవర్ తీసేసి, దాని కింద కప్పెట్టిన వాగును రెండేళ్ళలో బయటికి తెచ్చారు.

గుత్తిరైలు · 11:36

పీణ్యాలో ఫ్లైఓవర్ తీస్తే సముద్రం కనిపిస్తుందా అన్నా?

నడిమివంక · 11:44

మన ఊళ్ళో నడిమివంక వాగే 2022 అక్టోబరులో తనంతట తాను బయటికొచ్చి ఇళ్ళలో దూరింది. వాగులు బయటికి తేవడంలో మనమే ముందున్నాం.

యాడికి · 12:05

శుక్రవారం సంగతి ఎవరూ చెప్పలేదు.

చీనీబండి · మధ్యాహ్నం 1:10

సియాటెల్ వద్దు, సియోల్ వద్దు. ఇంజనీరు సార్ ఒక్కదానికి జవాబు చెప్పాలి. కేబులు లోపల తుప్పు పట్టిందో లేదో బయటికి కనిపించదని మీరే అన్నారు. మరి మార్చిన కేబులు చుట్టూ గ్రౌటు నిండిందని ఎవరు చూశారు? మీరు చెప్పిన ఆ నిద్రమొహం సూపర్‌వైజరేగా?

తూకంగుండు · 2:25

మంచి ప్రశ్న. వెటకారం తీసేస్తే ఈ పేజీలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదే మంచి ప్రశ్న.

తేడా ఏమిటంటే, కట్టేటప్పుడు ఎవరూ అనుమానించలేదు. ఇప్పుడు దేశం మొత్తం చూస్తోంది, బెంగళూరు సైన్సు సంస్థ ఐఐఎస్సీ వాళ్ళు మధ్యలో ఉన్నారు. పెట్టె ఆకారపు వంతెన కాబట్టి మనిషి లోపల నడిచి చూడొచ్చు. నేను వేరే చోట అలాంటి పెట్టెలోకి దిగాను. వంగి నడవాలి, గబ్బిలాల కంపు, పైన బండి పోయినప్పుడల్లా తల మీద ఉరిమినట్టుంటుంది. టార్చి వేస్తే గొట్టాల కొసలు ఉబ్బి, తుప్పునీరు కారిన మరకలు కనిపిస్తాయి. చూడగలిగినవాడికి కొంత కనిపిస్తుంది.

ఇక లోడ్ టెస్ట్. ఇసుకో కంకరో నింపిన లారీలను స్పాను మీద నిలబెట్టి, ఎంత కుంగింది, బరువు తీశాక ఎంత వెనక్కి లేచింది అని కొలుస్తారు. లేవాల్సినంత లేస్తే అది బతికి ఉన్నట్టు.

కూల్చి కడితే అన్నీ సర్దుకుంటాయనుకునే వాళ్ళు బొంబాయి అంధేరీలో గోఖలే బ్రిడ్జిని చూడాలి. 1975 నాటిది. 2018లో ఫుట్‌పాత్ వైపు ముక్క రైలు పట్టాల మీద పడింది. 2022 నవంబరులో మూసి కూల్చారు. ఈ ఫిబ్రవరిలో కొత్తది ఒక వైపు తెరిచి చూస్తే, పక్కనున్న బర్ఫీవాలా ఫ్లైఓవర్‌కూ దానికీ ఎత్తు కలవలేదు. దాదాపు మనిషెత్తు తేడా! తర్వాత పాత ఫ్లైఓవర్‌నే జాకీలు పెట్టి పైకి లేపి మొన్న జులైలో కలిపారు. కొత్త వంతెన కోసం పాత వంతెనను లేపారన్నమాట.

గుత్తిరైలు · 2:31

పెళ్ళికొడుకు పొట్టి అని పీట ఎత్తు పెంచినట్టు.

చీనీబండి · 3:40

సార్ బొంబాయి చూపిస్తారు, నేను కొచ్చి చూపిస్తా. ఎవరి ఊరు వాళ్ళు పట్టుకుని కూర్చుంటే తేలదు. నేను అడిగేది టైము గురించి. కుర్చీలో కూర్చుని "రెండున్నరేళ్ళు పడుతుంది" అనడం సులువు. ఆ రెండున్నరేళ్ళు ఫ్యాను కింద పడలేదు, నా స్టీరింగు మీద పడింది.

కొడికొండ_చెక్‌పోస్ట్ · 3:55

అన్నా, యశ్వంతపురంలో దించకుండా దొడ్డబళ్ళాపురం మీదుగా దాబస్‌పేట చేరుకోవచ్చు కదా? మంగళూరు బండ్లు చాలా అటే పోయేవి.

చీనీబండి · 4:02

దించకపోతే సగం బాడుగ పోతుందక్కా. రెండు చోట్ల దించితేనే నాకు గిట్టేది.

తూకంగుండు · 4:50

ఫ్యాను మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పక తప్పదు. ఎవరికి కోపమొచ్చినా సరే. వంతెనల ఆయుష్షు తినేది ఎవరు? మూడు యాక్సిళ్ళ బండికి లోడుతో కలిపి 28.5 టన్నులు హద్దు. ఎన్ని బండ్లు ఆ హద్దులో పోతున్నాయి? కాటా దగ్గర ఎవరికి ఎంత ముడుతుందో మీకు తెలియంది కాదు. వంతెనను కుంగదీసేదీ మీరే, మూస్తే ఏడ్చేదీ మీరే.

చీనీబండి · 5:05

చీనీకాయ కొండరాయి కాదు సార్! ఎక్కువ పేరిస్తే కిందిది నలుగుతుంది. ఓవర్‌లోడ్ వేసేది ఇసుకబండ్లు, గ్రానైట్ బండ్లు. లారీ అనగానే దొంగ అనేస్తారా?

గ్రౌటు సరిగా పోయలేదు, గాలి బుడగలున్నాయి అని పొద్దున మీరే రాశారు. సాయంత్రానికి తప్పు లారీది అయిపోయింది! పోసింది నేనా? బిల్లు మీద సంతకం పెట్టింది నేనా? మీలాంటి ఒక ఇంజనీరు పెట్టాడు. ఆయన పెన్షన్ తీసుకుంటూ ఎక్కడో ఇలాగే నీతులు రాస్తుంటాడు.

తూకంగుండు · 5:12

నోరు అదుపులో పెట్టుకో. నా సంతకం గురించి మాట్లాడే అర్హత నీకు లేదు.

చీనీబండి · 5:14

పొద్దున 'నాయనా', సాయంత్రం 'నోరు అదుపులో'. సరే సార్.

పాపాఘ్ని · 5:15

అయ్యో, వంతెన కన్నా ముందు మీరిద్దరూ కూలేట్టున్నారే.

నిర్వాహకుడు · 5:40

ఇద్దరికీ మనవి. సంతకాలు, పెన్షన్లు వద్దు. ఇంకోసారి వస్తే ఈ చర్చ మూసేస్తాను. రాత్రంతా చల్లబడి రేపు రాయండి.

యాడికి · 5:43

మూసేస్తే మళ్ళీ శుక్రవారం తెరుస్తారా, శనివారమా?

కొడికొండ_చెక్‌పోస్ట్ · 7 ఆగస్టు, ఉదయం 6:20

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా. నేను దాసరహళ్ళిలో ఒక ఆసుపత్రిలో నర్సును. ఆ వంతెన కిందే అద్దె ఇల్లు.

నిన్నటి నుంచి పైన ఏం జరిగింది, లోపల ఏం జరిగింది అనే మాట్లాడుతున్నారు. కింద ఉన్నవాళ్ళ మాట ఒక్కరూ ఎత్తలేదు. రెండున్నరేళ్ళు ఊళ్ళోని లారీలన్నీ మా వాకిట్లోంచి పోయాయి. పాపను స్కూలుకు రోడ్డు దాటించడానికి పావుగంట. వాహనం ఆగితే సందుల్లోంచి దూరడం, కదిలితే వెనక్కి పరిగెత్తడం. కిటికీ తీస్తే డీజిలు పొగ. ఉతికిన తెల్ల యూనిఫారం లోపలే ఆరేసేదాన్ని, తడి వాసన పోయేది కాదు. అంబులెన్సు సైరన్ వినిపించేది, అది కదిలేది కాదు. మా వార్డులోంచి వినేవాళ్ళం, ఇంకా అక్కడే ఉంది, ఇంకా అక్కడే ఉంది అనుకుంటూ.

చీనీబండి అన్న కూల్చమంటున్నాడు. కూలిస్తే 120 స్పాన్ల కాంక్రీటు దిగేది మా వాకిట్లోనే. దుమ్ము, క్రేన్లు, రోడ్డు సగానికి సగం కంచె. పక్కనే మెట్రో లైను కూడా ఉంది. అందుకని నేను రిపేరు వైపే. కానీ సార్ చెప్పిన కారణాలకు కాదు.

ఇంకొక్కటి. నన్ను డ్యూటీకి తీసుకుపోయే బస్సులో అరవై మంది. ఆ బస్సును పైకి ఎక్కనివ్వలేదు. ఒక్కడు కూర్చున్న కారు మాత్రం రెండో నెల నుంచే పైన హాయిగా పోయింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

చీనీబండి · 8:30

అక్కా, నిన్నటి నుంచి నేను చెప్పలేక గొంతు చించుకుంటున్నది నువ్వు రెండు ముక్కల్లో చెప్పావు.

నిజం చెప్తా. కూల్చినా, అతికినా నాకు ఒకటే. నా మంట వేరే. కార్లకు దారి దొరికిన రోజుతో ఆ పనికి తొందర పోయింది. కార్లో తిరిగేవాళ్ళు పైన పోతుంటే, కింద ఎవడు నలిగితే ఎవడికి పట్టింది? కమిటీ, రిపోర్టు, టెండరు, మళ్ళీ కమిటీ. అదే కార్లకు కూడా మూసి ఉంటే? టీవీవాళ్ళు రోజూ అక్కడే ఉండేవాళ్ళు. పెద్దవాళ్ళ కారు కూడా దాసరహళ్ళి సిగ్నల్ దగ్గర నా బండి వెనకాల నిలబడి ఉంటే రెండున్నరేళ్ళు పట్టేదా? కొచ్చిలో తొందరగా అయ్యిందంటే మేస్త్రీ గొప్పతనం కొంత, అందరికీ మూసేయడం కొంత. కూల్చమని ఎందుకంటున్నానంటే, కూలిస్తే పైన ఎవడూ పోలేడు.

నడిమివంక · 8:52

ఈ కోణం మా టీ బంకు దగ్గర ఎవరికీ తట్టలేదు.

తూకంగుండు · 11:15

రాత్రి చల్లబడమన్నారు. పడ్డాను కొంత.

కార్లను ముందు వదలడం పక్షపాతం కాదు. కారు ఒకటిన్నర, రెండు టన్నులు. నిండు లారీ దానికి పదిహేను రెట్ల పైన. బలహీనపడిన స్పాను మీద కార్లు పోవచ్చు, లారీలు పోకూడదు, అది లెక్క. బస్సు కూడా బరువైన బండే, అమ్మా. అరవై మంది ఉన్నారని వంతెన కనికరించదు. అరవై మందితో కూలితే? ఆ లెక్క వేసేవాడి చేతులు వణుకుతాయి.

కానీ కార్లను వదిలాక పనిలో తొందర పోయిందన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆఫీసుల్లో అలా జరుగుతుంది. అరుపులు ఆగిన ఫైలు అడుగుకు పోతుంది. ముప్పై నాలుగేళ్ళు చూశాను.

నిన్న ఎందుకంత మండిందో చెప్తా. నేను పనిచేసేటప్పుడు ఒక పాత వంతెన మీద బరువు బండ్లు ఆపమని రాశాను. స్తంభాల మీద వంతెనను మోసే బేరింగులు నలిగి రొట్టెలా అయిపోయి ఉన్నాయి, చేత్తో తాకి చూశాను. బోర్డు పెట్టించాను, ఇనుప కమ్మీ అడ్డం కట్టించాను. మూడో రోజు పొద్దున పోయి చూస్తే బోర్డు లేదు, కమ్మీ కోసేసి పక్కన పడేసి ఉంది. లారీలవాళ్ళు ధర్నా చేశారు, పెద్దలు ఫోన్లు చేశారు. నన్ను వేరే ఊరికి వేశారు. ఆరు నెలలకు ఆ వంతెన ఒక పక్కకు కుంగింది. ఎవరూ చావలేదు, అది అదృష్టం. అప్పుడు "ముందే ఎందుకు ఆపలేదు" అని మెమో వచ్చింది నాకే. నేను రాసిన నోటు ఫైల్లో లేదు.

అందుకే లారీవాళ్ళు 'తెరవండి' అంటే నాకు ఆ కోసిన కమ్మీ కనిపిస్తుంది.

పాపాఘ్ని · 11:24

సార్, ఆ నోటు జెరాక్సు ఉందా?

తూకంగుండు · 11:30

బీరువాలో ఉంది. ఇప్పుడు ఎవరికి చూపించాలి?

చీనీబండి · మధ్యాహ్నం 12:40

ఆ కమ్మీ కోసింది నేను కాదు సార్. కానీ కోసినవాళ్ళ లాంటివాళ్ళు నాకు తెలుసు, అది అబద్ధం చెప్పను. పెన్షన్ మాట అనకుండా ఉండాల్సింది.

కానీ ఇదీ వినండి. మీ బోర్డు పెట్టినప్పుడు 'ఇటు పోవద్దు' అని రాశారు. 'మరి ఎటు పోవాలి' అని రాశారా? పక్కదారి బాగుచేశారా? పీణ్యాలోనూ అంతే. పైన వద్దన్నారు, బాగుంది. కింద సర్వీసు రోడ్డు గుంతలు పూడ్చారా, ఒక పోలీసును ఎక్కువ పెట్టారా? వంతెనకు కేబుళ్ళు మార్చినట్టు కింద దారికి కూడా ఎవడైనా ఒక కేబులు వేసుంటే మా గొడవ సగం ఉండేది కాదు.

కొడికొండ_చెక్‌పోస్ట్ · 1:05

నాకు ఒక జీబ్రా క్రాసింగు, ఒక ట్రాఫిక్ పోలీసు వేసుంటే చాలు.

తూకంగుండు · 2:00

పక్కదారికి ఎస్టిమేటు రాశాను. మంజూరు కాలేదు. కానీ మంజూరు కాకుండానే బోర్డు పెట్టిన మాట నిజం.

తాడిమర్రి_టు_సియాటెల్ · 2:10

మా ఊళ్ళో వయాడక్ట్ మూసి సొరంగం తెరిచే మధ్యలో మూడు వారాలు రెండూ లేవు. ఎన్నో నెలల ముందు నుంచే బస్సులు, పడవలు, ఆఫీసు టైములు అన్నీ సర్దుకున్నారు. ఊరు ఆగిపోతుందని భయపెట్టారు, ఆగలేదు. ముందే చెప్తే జనం దారి వెతుక్కుంటారు. డిసెంబరు 25న ఉన్నట్టుండి తలుపేస్తే ఏం వెతుక్కుంటారు?

యాడికి · 2:15

శుక్రవారం.

తూకంగుండు · 2:40

అబ్బా! చెప్తా విను నాయనా. కేబులు మార్చాక గొట్టంలో గ్రౌటు పోస్తారు. అది గట్టిపడేదాకా పైన బరువుబండి అదురు తగలకూడదు. అదిరితే మళ్ళీ అదే గాలి, అదే సందు, మొదటికొస్తుంది కథ. మిగిలిన పని, పరీక్షలు అన్నీ ఆ ఒక్కరోజులో పెట్టుకుంటారు. నా లెక్కలో ఆ శుక్రవారమే ఈ రిపేరు మొత్తంలో నిజాయితీ ఉన్న పని. 'అంతా అయిపోయింది' అని రిబ్బను కత్తిరించకుండా 'ఇంకా చూస్తున్నాం' అంటున్నారు.

యాడికి · 2:44

ఇది మొదటి రోజే చెప్పుంటే నేను రెండు రోజులు పనులు మానుకుని కూర్చునేవాణ్ణి కాదు కదా సార్.

గుత్తిరైలు · 2:46

నీకేం పనులప్పా?

నడిమివంక · 8 ఆగస్టు, సాయంత్రం 6:30

మా ఓనరుకూ సూపర్‌వైజరుకూ ఇదంతా చదివి వినిపించాను. ఓనరుకు కారుంది. చీనీబండి అన్న రాసింది వినేటప్పుడు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. "నేను పైనే పోయేవాణ్ణి, నిజమే" అన్నాడు. సూపర్‌వైజరుది బైకు, ఆయనా పైనే. కింద పోయింది నేను, బస్సులో.

చీనీబండి · రాత్రి 9:20

పెనుకొండ దగ్గర టీకి ఆపాను. ఈరోజు గురువారం. యశ్వంతపురంలో హమాలీలు నాలుగున్నరకల్లా దించేస్తే, ఆరు కొట్టేలోపు పార్లే-జీ దాటతా. లేదంటే మళ్ళీ దాసరహళ్ళే. కొడికొండక్కా, తెల్లారి కింద హారన్ వినిపిస్తే నాదే అనుకో.

తూకంగుండు · 9:34

ఎడమ వరుసలో నిదానంగా పో. లోడెంత?

చీనీబండి · 9:36

కాటా చీటీ ఫోటో పంపమంటారా సార్?

తూకంగుండు · 9:37

పంపు.